అమ్మవారు పోసిన పడవ

కిందటి వారం చేపల బుట్టతో పెందుర్తిలో మా వీధికి వచ్చే ఆవిడ, కవళ్ళు ఏరి నా గిన్నెలో వేస్తూ వేస్తూ ఆగిపోయింది.

"బాబూ, మా జాలరిపేటలో రంగులాయన పోనాడు. నువ్వెరగవేటి, ఓడలకి రంగులేసీవోడు. నిద్దట్లోనే పోనాడంట. మొన్న దినం కూడా అయిపోనాది."

ఆవిడ చేతిలో చేప అలాగే ఉండిపోయింది. గోడ మీద పిల్లి దాని వంకే చూస్తోంది. నేను బేరం ఆడకుండా లోపలికి వచ్చేశాను. చేపల దగ్గర నేను బేరం ఆడలేదంటే ఒంట్లో బాగా లేదని మా ఆవిడ లెక్క. నుదుటి మీద చెయ్యి వేసి చూసి, పడుకోమంది.

ఎరగకపోవడమేమిటి, ఆయన పడవ మీద నేను చాలాకాలం బతికాను. టౌనులో కొత్త రోడ్డు మీద ఒక రంగుల దుకాణంలో పనిచేసిన రోజులవి. ఉక్కు ఫ్యాక్టరీ అంటే ఇంకా శంకుస్థాపన రాయే. కొనేవాళ్ళు రాని మధ్యాహ్నాలు ఆ పడవ కథ చెప్పి ఎందరిని కూర్చోబెట్టానో నాకే గుర్తులేదు. తిమింగలం కడుపులో పొగాకు ఆరబెట్టుకున్న మా సబ్బవరం తాతగారి కథ తరవాత నాకు పేరు తెచ్చింది అదే. తమాషా ఏమిటంటే, తాతగారిని అందరూ నమ్మారు. పడవని ఎవరూ నమ్మలేదు.

ఆ కథని నేను ఎప్పుడూ సగంలో ఆపేసేవాణ్ణి. జనం పొట్ట పట్టుకుని నవ్వే చోటు ఒకటుంది, అక్కడ ఆపి టీ తాగేవాణ్ణి. మిగతా సగంలో అసలు సంగతి ఆయనకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆయన తల్లి బతికుండగా అది బయటికి రాకూడదు. ఆవిడ పోయాక ఆయన ఉన్నాడు కాబట్టి రాకూడదు. ఇప్పుడు ఇద్దరూ లేరు.

ముందు ఆయన ముఖం చెప్పాలి. చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడిపోయాయి. "వానపడ్డ ఇసక లాటి మొగం బావా నాది, దీనికి పిల్లనెవుడిత్తాడు" అని తనే నవ్వేవాడు. నిజంగానే పెళ్ళి చేసుకోలేదు. హార్బరులో ఓడ పక్కన తాళ్ళకి వేలాడే పలక మీద కూర్చుని, కింద నీళ్ళూ పైన ఎండా, రోజల్లా తుప్పు గీకడం, రంగు పూయడం ఆయన పని.

ఎక్కడ రంగు కనబడినా బొటనవేలి గోరుతో గీరి చూడడం ఆయనకో జబ్బు. బస్సెక్కితే కమ్మీ గీరేవాడు, ఆస్పత్రికి వెళితే మంచం కోడు గీరేవాడు. మా యజమాని కొత్తగా కొన్న స్కూటరుని కూడా గీరి, "పైన పటారం, కింద ప్రైమరు లేదు" అని తేల్చేశాడు. యజమాని చాలా రోజులు ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. వీధిలోంచే నాకు సైగ చేసి డబ్బాలు తీసుకునేవాడు.

రంగు ఆరాక దానికి చెంప ఆనించి చూసేవాడు. టర్పెంటైనుకి చేతులు మొద్దుబారాయట, నునుపు చెంపకే తెలుస్తుందట. నడి ఎండలో ఓడ పొట్టకి చెంప ఆనించుకుని కళ్ళు మూసుకున్న మనిషిని చూసి, ఓడ ఏడుస్తుంటే ఓదారుస్తున్నాడని నేను ఒక కొత్త గుమస్తాకి చెప్పాను. వాడు దగ్గరికి వెళ్ళి విని వచ్చాడు.

ఆయనకి ఒక సామెత ఉండేది, తనే కట్టుకున్నది. "రంగు అల్లుడు లాటిది బావా. కింద మరియాద సరిగ్గా జరక్కపోతే పైకి నవ్వుతానే ఉంటాడు. ఓ పొద్దున్న లేచి సూత్తే ఉండడు."

ఆయనకి ఒక తమ్ముడు. తండ్రి పోయేనాటికి తల్లి కడుపులో ఉన్నాడు. తండ్రికీ ఈయనకీ ఒకేసారి అమ్మవారు పోసిందట. తల్లి ఈయన చేతులు రెండూ పాత చీర పీలికతో కట్టేసి, గీరుకోకుండా పక్కనే కూర్చుంది. తండ్రిని కట్టెయ్యలేకపోయింది. దురదకి ఓర్చుకోలేక, అమ్మవారు దిగకముందే ఆయన వెళ్ళి సముద్రంలో మునిగాడు, అట్టే రోజులు బతకలేదు. ఆ ఇంట్లో ఆ తరవాత ఒక్కటే చట్టం. అమ్మవారు తనంతట తాను దిగేదాకా పొక్కు మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు.

అన్న ఓడల పొట్టలు గీకుతుంటే తమ్ముడు సముద్రం మీద పెరిగాడు. నాలుగు దుంగలు కట్టిన తెప్ప మీద తెల్లారకముందే పోయేవాడు. వాడు తిరిగి వచ్చేదాకా తల్లి పొయ్యి వెలిగించేది కాదు. అన్న హార్బరులో పలక మీద కూర్చుని కూడా గాలి ఎటు తిరిగిందో చూస్తూ ఉండేవాడు. పైకి మాత్రం, "ఆడికేటి, సేప పిల్ల" అనేవాడు.

అలాంటి రోజుల్లో హార్బరు తుక్కు వేలం పాటలో ఒక పాత ఓడ తాలూకు లైఫ్ బోటు వచ్చింది. అల్యూమినియంది. బల్లల కింద గాలి పెట్టెలున్నాయి, తిరగబడ్డా మునగదు. ఆయన పాడి, సముద్రం మీదుగా జాలరిపేట ఒడ్డుకి లాగించుకొచ్చి, ఇంటి వెనక ఇసకలో పెట్టి తల్లికి చూపించాడు.

"ఇది ములగదమ్మా. ఇంకమీద ఆడు తెప్పెక్కడు. దీన్లోనే ఎల్తాడు."

తల్లి పడవ చుట్టూ తిరిగింది. "గంగమ్మ ఒప్పుకోవాల గదరా," అంది.

వాళ్ళలో కొత్త పడవ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టి మూడు కెరటాలు దాటించి తెస్తారు. బొట్టు నిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. నిలవకపోతే ఆ పడవలో కొడుకుని పంపే తల్లి ఆ పేటలో లేదు. రంగు ఊడితే దాంతో పాటు బొట్టూ పోతుంది. అంటే తమ్ముడి ప్రాణం ఇప్పుడు ఆ పడవకి రంగు అంటుకోవడం మీద ఉంది. అన్నకి అది బాగానే అనిపించింది. రంగు అంటించడం తప్ప ఆయనకి వేరే విద్య లేదు మరి.

పేటలో వాళ్ళకి మాత్రం నవ్వులాట అయింది. ఇంట్లో గిన్నెలన్నీ ఆ లోహమే కదా, సత్తు పడవ అని పేరు పెట్టారు.

"సత్తు గిన్నెలో కూకుని ఏటకెల్తావేట్రా? సేపలు అందులోనే ఉడికిపోతాయి," అన్నాడు పక్కింటి ముసలాయన.

"నీ వాటా పులుసు ఉంచుతాన్లే మావా, కంచం తెచ్చుకో," అన్నాడు తమ్ముడు.

మొదట వేసిన రంగు ఉడికిన చామదుంప తొక్కలా ఊడి వచ్చింది. పట్టుకుని లాగితే పడవ పొడుగునా వచ్చేసింది. ఇనుముకి గరుకుంటుంది, సత్తు నున్నటిది, దానికి రంగు పట్టదు. "తిండెక్కని పిల్ల లాగుంది బావా ఇది" అని మా దుకాణంలోంచి గరుకు కాగితం పట్టుకెళ్ళి, పడవంతా రుద్ది, ఈసారి సింధూరం రంగు వేశాడు. ఇనప ఓడలన్నిటికీ తొలి పూత అదే. తుప్పుకి దాన్ని మించిన మందు లేదని హార్బరులో చిన్నా పెద్దా అందరూ ఎరుగుదురు. ఆయన జీవితమంతా దాని మీదే నడిచింది.

అది పట్టింది. ఎర్రటి ఎండలో ఎర్రటి పడవ. యారాడ కొండ మీది లైట్‌హౌసు దాన్ని చూసి చిన్నబోయి ఆ రాత్రి వెలగలేదని నేను దుకాణంలో చెప్పాను. తల్లి కూడా చూసి మురిసిపోయింది. అమ్మవారి రంగు కదా.

తరవాత చేసిన పని పేటలో పుట్టినవాడే చేస్తాడు. కొత్త చెక్క పడవని వాడేముందు కొన్నాళ్ళు ఒడ్డు పక్కన నీళ్ళలో కట్టి ఉంచుతారు. చెక్క నీళ్ళు తాగి ఉబ్బి సందులు మూసుకుంటాయి. సత్తుకి సందులూ లేవు, దాహమూ లేదు. అయినా పడవ అన్నాక నీళ్ళు తాగాలి కదా అని దీన్నీ కట్టారు. కొన్ని వారాలు ఉప్పునీళ్ళలో నానబెట్టి, పసుపూ కుంకం సిద్ధం చేసుకుని, మేళం పిలిచి పైకి లాగారు.

పడవ నిండా పొక్కులు. పెసర బద్దంతవి కొన్ని, ఉసిరికాయంతవి కొన్ని. ఒకటి నొక్కితే పగిలి తెల్లటి పిండి, దాంతో పాటు నీరు.

మేళగాళ్ళు డప్పులు దించేశారు. తల్లి దగ్గరికి వెళ్ళి పొక్కుల్ని చూసింది. భర్త ఒంటి మీదా కొడుకు ఒంటి మీదా చూసినవే. చెంగు నడుముకి చుట్టుకుని, "ఎవులూ సెయ్యెయ్యకండి," అంది. "అమ్మోరు పోసింది."

నేను మర్నాటి తరవాత ఎప్పుడో వెళ్ళేసరికి పడవని నీడకి చేర్చి, చుట్టూ వేప మండలు కట్టి ఉన్నాయి. ముక్కు దగ్గర మట్టి మూకుడులో చలిదన్నం, ఉల్లిపాయ. ముసలామె వేప రెమ్మతో పడవకి విసురుతోంది. ఇంట్లో తాళింపు లేదు, చేప కూర లేదు. దారిన పోయేవాళ్ళు చెప్పులు విప్పి చేత పట్టుకుని పోతున్నారు. తమ్ముడు గుమ్మంలో కూర్చుని నాతో అన్నాడు, "పడవకి తలంటు పోసీదాకా మాకు సప్పిడి కూడే బావా. దానికి తగ్గీసరికి మాకొచ్చీలా ఉన్నాది."

"జొరం కూడా ఉందేటి?" అన్నాను.

"నుదురేదో తెలీక సూడనేదు."

నేను కథ ఆపి టీ తాగే చోటు ఇదే. ఇక్కడ ఎవడైనా నవ్వుతాడు. ఆ రోజు మేమూ నవ్వాం. అన్న మాత్రం నవ్వలేదు. పడవకి దూరంగా నిలబడి, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని చూస్తున్నాడు.

కొన్నాళ్ళకి ఒక విదేశీ ఓడ మీద పని దొరికింది ఆయనకి. ఆ ఓడ లైఫ్ బోట్లు కూడా సత్తువే. నిగనిగలాడుతున్నాయి. అలవాటు ప్రకారం గోరుతో గీరబోతే ఓడలో రంగులు చూసేవాడు పట్టుకున్నాడు. ఏ దేశం వాడో, భాష తెలియదు. ఈయన సైగలతో తన పడవ గోడు చెప్పాడు. సింధూరం డబ్బా చూపిస్తే వాడు తల అడ్డంగా ఊపి, పళ్ళతో చెయ్యి కొరుక్కుంటున్నట్టు చూపించాడట. సింధూరం ఉప్పునీళ్ళలో సత్తుని కొరికేస్తుందని. తన దగ్గర మిగిలిన పచ్చటి రంగు డబ్బా ఒకటి ఇచ్చాడు. ముందు ఎరుపంతా తీసెయ్యాలి, లోహం మెరిసేదాకా రుద్దాలి, ఆ పూటే ఈ పచ్చది పూసెయ్యాలి.

ఆ సాయంత్రం తిన్నగా మా దుకాణానికి వచ్చాడు. మెట్టు మీద కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అమ్మోరు కాదు బావా. జబ్బు సింధూరానిది. నానే పూసినాను."

"మంచిదేగా, దొరికిందిగా మందు. గీకెయ్."

"అమ్మ గీకనిత్తాదేటి?"

గీకనివ్వలేదు. నా ఎదురుగానే అడిగాడు. చెప్పి చూశాడు, ఓడ వాడు చెయ్యి కొరుక్కున్నట్టు తనూ కొరుక్కుని చూపించాడు. తల్లి నెమ్మదిగానే విన్నది.

"అమ్మోరి రంగు అమ్మోరి పడవని కొరికిందంటావు."

"అమ్మోరు లేదే ఇందులో. ఇది రంగే."

"మీ అయ్యా ఇలాగే అన్నాడు. ఉట్టి దురదే అన్నాడు." ఆవిడ కొడుకు మణికట్టు పట్టుకుంది. "నీ సేతులు నాను కట్టీకపోతే ఈవేళ నువ్వున్నావేటి? మూడు తలంట్లు అవనీ. అప్పుడు గీకు, నానొద్దన్ను."

ఆయన పచ్చ రంగు డబ్బా చూరులో పెట్టాడు. తల్లి చేతిలో బతికిన మనిషి, ఆ చేతిని ఎలా తోస్తాడు.

ఈలోగా వంజరం చేపలు పడడం మొదలైంది. పేటంతా సముద్రం మీదే ఉంది. రెండో తలంటు అయిందో లేదో, తమ్ముడు ఆగలేకపోయాడు. అన్న వెళ్ళి అడ్డుపడ్డాడట, ఇంకొక్క తలంటు ఉందిరా అని. "దానికి నీళ్ళోసి తల తుడిసీసరికి వంజరాలు బంగాళాకాతం దాటిపోతాయి" అని నవ్వి, ఎవరిదో తెప్ప మీద వెళ్ళాడు. మధ్యాహ్నం గాలి తిరిగింది. అన్న హార్బరులో పలక మీద ఉన్నాడు. గాలి చూసి, బ్రష్షు డబ్బాలోనే వదిలేసి, తాడెక్కి పరుగెత్తాడు.

తెప్ప భీమిలి వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చింది. వాడు రాలేదు.

దినాలు వెళ్ళాక ఒక పొద్దున్న ఆయన వేప మండలు తీసేసి పడవ గీకడం మొదలుపెట్టాడు. ఎవరినీ అడగలేదు. తల్లి గుమ్మంలోంచి చూసింది, వద్దనలేదు. ఎరుపు పొడి ఇసక మీద రాలింది. ఎక్కడ గీకితే అక్కడ మధ్యాహ్నంలోగా పచ్చ రంగు. దాని మీద తెలుపు, ఆరాక మళ్ళీ తెలుపు. అంత మంచి పని ఆయన ఏ ఓడకీ చేసి ఉండడు. కొబ్బరికాయ లోపలిలా ఉంది పడవ.

దాన్నీ నీళ్ళలో కట్టాడు. తీస్తే ఒక్క పొక్కు లేదు. తల్లి లేచి వచ్చి తనే పసుపు రాసి బొట్టు పెట్టింది. ఎక్కేవాళ్ళు లేరు కాబట్టి ఆయనే ఎక్కి తెడ్డు వేశాడు. పేటంతా ఒడ్డున నిలబడింది. మూడు కెరటాలు దాటి, తిరిగి మూడు దాటి వచ్చాడు.

బొట్టు నిలిచింది.

తల్లి తడి పడవ ముక్కు మీద చెయ్యి వేసి అడిగింది, "ఇప్పుడు నిలిచినాదేట్రా?"

ఆయన తెడ్డు పట్టుకుని నీళ్ళలోనే నిలబడ్డాడు.

"అప్పుడూ ఇదే పడవ. ఇదే సముద్రం. నువ్వు సెప్పిన పచ్చ రంగు ఏత్తే నిలిచింది. అంటే అమ్మోరు కాదన్నమాట." ఆవిడ గొంతు పెంచలేదు. "మరి నానెందుకు గీకొద్దన్నాను?"

నేను ఇసక వంక చూస్తూ నిలబడ్డాను. కథలు అల్లేవాణ్ణే గాని, ఆ పూట నోట్లోంచి ఒక్క మంచి అబద్ధం రాలేదు.

ఆ తరవాత కొద్ది రోజులకి ఆయన దుకాణానికి వచ్చాడు. యజమాని ఉన్నా లేడన్నట్టు తిన్నగా లోపలికి వచ్చేశాడు.

"సిన్న డబ్బా సింధూరం ఇయ్యి బావా."

"ఏ ఓడకి?"

"మా పడవకే."

"మతి గాని పోయిందా? అంత పనీ చేసి, మళ్ళీ సింధూరమా?"

ఆయన నా వైపు చూడకుండా బల్ల మీద డబ్బాల మూతలు సర్దుతూ చెప్పాడు. "అమ్మ కూడు మానీసింది. తెల్లారి లేచీసి పడవ కాడ కూకుంటాది. ఏలుతో అంతా తడుముతాది. పొక్కు కోసం ఎతుకుతాంది బావా. ఒక్కటి దొరికితే సాలు, అమ్మోరే తీసుకెల్లింది అనుకుంటాది. దొరక్కపోతే తనే సంపీసినాను అనుకుంటాది."

డబ్బా ఇచ్చాను. తల్లి స్నానానికి వెళ్ళిన పూట, పడవ ముక్కు కింద అరచేతంత మేర తెలుపూ పచ్చా రెండూ గీకేశాడట. అక్కడ సింధూరం పూసి, పైన తెలుపు వేసి, అతుకు తెలియకుండా కలిపేశాడట. నీళ్ళు లోపలికి దిగేలా మేకుతో సన్నటి గాటు పెట్టి, రోజూ సముద్రపు నీళ్ళు కడవతో తెచ్చి ముక్కు మీద పోసేవాడు. ఎవరైనా అడిగితే ఎండకి సత్తు కాగిపోతోందనేవాడు.

పొక్కు కనబడిన పొద్దున్న నేను అక్కడే ఉన్నాను. ముసలామె వేలు ముక్కు కింద ఆగింది. ఇంకోసారి తడిమింది. తరవాత గట్టిగా నొక్కింది. తెల్లటి పిండి వేలికి అంటుకుంది.

"ఒరే, ఇటురా."

ఆయన వచ్చి వంగి చూశాడు.

"మళ్ళీ పోసింది. సూడు."

"ఔనమ్మా."

"నువ్వు రంగన్నావు. రంగు కాదురా. అమ్మోరేరా."

"అమ్మోరేనమ్మా."

ఆవిడ వేలు చెంగుకి తుడుచుకుంది. కొడుకు భుజం పట్టుకుని ఇంట్లోకి నడిచింది. లోపల్నుంచి మాట వినబడింది, "గంజిలో ఉప్పెయ్యి. ఉల్లిపాయుంటే అదీ ఎట్టు."

ఆవిడ బతికినన్నాళ్ళూ ఆ చోటు మానకుండా చూసుకున్నాడు ఆయన. పొక్కు ఎండిపోతే మళ్ళీ గీకి మళ్ళీ పూసేవాడు. ఆవిడ పోయిన తరవాత కూడా దాన్ని బాగుచెయ్యలేదు. హార్బరు రంగులవాళ్ళు, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే, పేటకి వచ్చినప్పుడల్లా ఆ పడవ ముందు ఆగేవారు.

"ఇన్ని ఓడలకి రంగులేసినోడివి, సొంత పడవ ముక్కు మీద ఆ పొక్కులేటి గురువా?"

"సత్తుకి రంగెయ్యడం నాకు రాదురా," అనేవాడు.